గొంతు అందిన చివరి ఎగ్జిట్

పోయిన నెలలో ఉత్తరాన ఉన్న నోవై అనే ఊరి నుంచి స్నేహ ఫోన్ చేసింది. మా స్నేహితుల అమ్మాయి, అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. భర్తకి అట్లాంటాలో మా పక్కనే అల్ఫారెట్టాలో ఉద్యోగం వచ్చిందట, సామాను ట్రక్కులో వేసుకుని మా ఊరికి మారుతున్నారట. "ఆంటీ, మీరు చాలా ఇయర్స్ ముందు ఇదే రోడ్‌లో డ్రైవ్ చేశారంట కదా, మమ్మీ చెప్పింది. ఎక్కడ స్టాప్ చెయ్యాలి?" అని అడిగింది. సెవెంటీఫైవ్ హైవే ఎక్కితే అట్లాంటా దాకా తిన్నగా దక్షిణానికే, కారులో అయితే పన్నెండు గంటలు, ట్రక్కుతో అయితే మధ్యలో ఒక రాత్రి ఆగడం మంచిదని చెప్పాను. ఎక్కడ ఆగాలో మాత్రం ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఈ పోస్టు. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి పనికొచ్చే సంగతులు ఇందులో ఉన్నాయి, కాకపోతే నా సోది మధ్యలోంచి ఏరుకోవాలి.

మేం బయల్దేరింది నోవై నుంచి కాదు. ఒహాయోలో, టోలెడోకి దక్షిణంగా గంట దూరంలో, హైవేకి కాస్త పక్కగా ఉండే చిన్న ఊరు. కార్లకి రబ్బరు భాగాలు చేసే ఫ్యాక్టరీలో మా ఆయన ఇంజనీరు. డెబ్బై ఎనిమిదిలో నేను అక్కడికి కాపురానికి వెళ్ళాను. ఊరు మొత్తం మీద తెలుగు మాట్లాడేది మేమిద్దరమే, అందులో ఒకరు రోజుకి పది గంటలు ఫ్యాక్టరీలో. నాకు డ్రైవింగ్ రాదు. కిటికీలోంచి చూస్తే మంచు, మంచు కరిగితే మొక్కజొన్న చేలు. నన్ను ఇంత దూరం తీసుకొచ్చి ఇలా ఒంటరిగా వదిలేశారని ఆయన మీద నాకు కోపంగా ఉండేది. అడిగితే ఆయనేం చేస్తారు, ఉద్యోగం మానేస్తారా? అందుకని ఆరేళ్ళూ పైకి అనలేదు, లోపల మాత్రం పోలేదు.

మాకు ముందు ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు వంటింటి గట్టు మీద ఒక ట్రాన్సిస్టర్ వదిలేసి వెళ్ళారు. దాంట్లో ఊరి స్టేషన్ ఒక్కటే శుభ్రంగా వినిపించేది. ఆ స్టేషన్లో ఒక పెద్దాయన ఉండేవారు. పొద్దున వాతావరణం ఆయనే చెప్పేవారు, మొక్కజొన్న ధర ఆయనే, స్కూళ్ళకి మంచు సెలవులు ఆయనే, ఊళ్ళో ఎవరైనా పోతే ఆ కబురూ ఆయనే. వేసవి వచ్చిందంటే ఊరి బేస్‌బాల్ జట్టు ఆటలకి వ్యాఖ్యాత కూడా ఆయనే. పెద్ద లీగ్ కాదది. పైకి వెళ్దామని ఆశపడే కుర్రాళ్ళూ, పైనుంచి జారి కిందికొచ్చిన ముదుర్లూ కలిసి ఆడే కింది స్థాయి జట్టు. మన క్రికెట్ కామెంటరీ వింటూ పెరిగినదాన్ని కాబట్టి ఆట ఏమిటో తెలియకపోయినా గొంతు పెరిగితే ఏదో జరుగుతోందని అర్థమయ్యేది.

మొదటి వేసవిలో ఒక సాయంత్రం సింకు దగ్గర సాంబారు గిన్నె తోముతున్నాను. రేడియోలో జనం గోల ఎక్కువైంది. పెద్దాయన హఠాత్తుగా గొంతు తగ్గించి, "చేతిలో గిన్నె ఉంటే కింద పెట్టండి" అన్నారు. నేను ఉలిక్కిపడి గిన్నె కింద పెట్టేశాను. అంతటితో ఆగక వెళ్ళి కిటికీ తెర కూడా వేసొచ్చాను! మా ఆయన ఇంటికొచ్చాక చెప్తే సోఫాలో పడి నవ్వారు. ఆట రసపట్టులో పడ్డప్పుడల్లా ఆయన అనే మాట అది అని తెలియడానికి నాకు నెల పట్టింది. ఇలాంటివి ఆయన దగ్గర చాలా ఉండేవి. కుర్రాడెవరైనా వచ్చిన వెంటనే అవుటైతే, "వాళ్ళమ్మ వింటుంటే అన్నం వేడి చెయ్యండమ్మా, మీవాడు తొందరగా వచ్చేస్తున్నాడు" అని తిండి మాట ఎత్తేవారు. నిజానికి ఆయన అనేది అన్నం కాదు, సప్పర్. నా చెవికి అన్నమనే వినిపించేది. వానతో ఆట ఆగితే, "మొక్కజొన్నకి మంచిది, మనకే కాదు" అనేవారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ప్రతి ఆటకీ ముందు చెప్పే మాట: "నాకు కనిపించింది కనిపించినట్టు చెప్తాను. నచ్చకపోతే ఆట మీద కోప్పడండి, నా మీద కాదు." అన్నట్టే, బంతి మైదానం చివర కంచె దాటితేనే, అంటే మన సిక్సర్ లాగా పోతేనే, దాటిందనేవారు. దాటుతుందేమో అని ముందే కేకపెట్టడం ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు.

ఎనభై నాలుగులో మా ఆయనకి అట్లాంటాలో ఉద్యోగం వచ్చింది. ఆ వేసవితో పెద్దాయన కూడా మానేస్తున్నారని రేడియోలో చెప్పారు. చివరి ఆట శనివారం, మా ప్రయాణం ఆదివారం, కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాను. శనివారం కుండపోతగా వాన. ఆట ఆదివారం మధ్యాహ్నానికి వాయిదా వేశారు. ట్రక్కుని వాయిదా వెయ్యడం కుదరలేదు, సోమవారం సాయంత్రం ఐదు లోపల అట్లాంటాలో అప్పగించకపోతే ఇంకో రోజు అద్దె. మంగళవారం ఆయన కొత్త ఆఫీసులో చేరాలి. నేను ట్రాన్సిస్టర్‌లో కొత్త బ్యాటరీలు వేసుకున్నాను. ఆ చివరి ఆట చివరిదాకా వినాలి, నాకున్న కోరిక అదొక్కటే.

పన్నెండింటికి బయల్దేరదామనుకున్నాం, సోఫా తలుపులో ఇరుక్కుని రెండుంబావు చేసింది. అక్కడ పెద్దాయనకి సన్మానాలూ బహుమతులూ అయ్యేసరికి ఆట కూడా అప్పుడే మొదలైంది. ట్రక్కులో రేడియో ఉండాల్సిన చోట ఖాళీ బొక్క ఉంది. ట్రాన్సిస్టర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు నిండా ఫిల్టర్ కాఫీ. మా ఆయనకి అమెరికా కాఫీ అంటే పడదు, ఎక్కడికి వెళ్ళినా ఫ్లాస్కు ఉండాల్సిందే. నిండు లోడుతో ట్రక్కు యాభై దాటితే ఊగిపోతోంది. అందుకని ట్రక్కులో వెళ్ళేవాళ్ళు మ్యాపు చెప్పే టైముకి పావు వంతు కలుపుకోవాలి. హైవే ఎక్కి లైమా చేరేసరికి మూడుంబావు. అప్పటిదాకా గొంతు పక్క సీట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది.

"కర్రతో కొట్టి గుండ్రంగా పరిగెత్తడానికి ఇంత సన్మానమా! ఏమంటాడు నీ పెద్దాయన?" అన్నారు మా ఆయన.

"రెండు రన్స్ వెనకున్నాం."

"మనం టూ అవర్స్ వెనకున్నాం, అది చూడు."

లైమా దాటాక పదిహేను మైళ్ళకి వాపకొనెటా అని ఒక ఊరు వస్తుంది. పేరు పలకడం వచ్చేలోపు ఊరు దాటిపోతుంది. అక్కడి నుంచి రేడియోలో గరగర మొదలైంది. చిన్న స్టేషన్ కదా, దాని బలం అంతే. ట్రాన్సిస్టర్‌ని అటూ ఇటూ తిప్పితే ఒక పక్కకి కాస్త మెరుగ్గా పలికింది. ఆ పక్కకే పట్టుకుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, మెడ వంచి వింటూ కూర్చున్నాను. ఏడో ఇన్నింగ్స్ అన్నారు. ఎవరో కొట్టారు. ఎవరు కొట్టారో వినపడలేదు. తర్వాత మాటకి మాటకి మధ్య హోరు పెరిగింది. సిడ్నీ చేరేసరికి నాలుగు. ఆస్ట్రేలియాది కాదు, ఒహాయోలోదే. అక్కడ హోరు తప్ప ఇంకేమీ లేదు.

"పోయిందా?" అన్నారు మా ఆయన.

"పోయింది" అన్నాను. అంతకన్నా మాట్లాడితే ఏడుపొచ్చేలా ఉంది. రేడియో కట్టేసి ఒళ్ళో పెట్టుకుని మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాను. ఆరేళ్ళు ఇంట్లో నాతో మాట్లాడిన మనిషికి సరిగ్గా వీడ్కోలు చెప్పే అదృష్టం కూడా లేదు, ఈయనకి ట్రక్కు టైమే ముఖ్యం అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆయన మీద కోపం పీకల దాకా వచ్చింది.

ఆయన ఇండికేటర్ వేసి సిడ్నీ ఎగ్జిట్ తీసుకున్నారు. "కాఫీ తాగుదాం" అన్నారు.

ఎగ్జిట్ దిగగానే ఎదురుగా మూడు కాఫీ హోటళ్ళు. మూడూ దాటించి, వంతెన కింద నుంచి ట్రక్కు తిప్పి, మళ్ళీ హైవే ఎక్కించారు. బోర్డు మీద నార్త్ అని ఉంది.

"ఏవండీ, ఇది నార్త్."

"తెలుసు. ఇందాక వస్తూంటే వాపకొనెటా దగ్గర ఒక డైనర్ చూశాను. కాఫీ బావుంటుందనిపించింది."

నా కాళ్ళ దగ్గర ఫ్లాస్కు వంక చూశాను. ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. నేను ట్రాన్సిస్టర్ ఆన్ చేశాను. పది మైళ్ళు హోరే. తర్వాత హోరులోంచి ఒక మాట, ఇంకొంచెం దూరానికి రెండు మాటలు. డైనర్ ముందు ట్రక్కు ఆగేసరికి పెద్దాయన పూర్తిగా తిరిగొచ్చేశారు.

లోపల ఏడెనిమిది మంది ఉన్నారు, ఎవరూ తినడం లేదు. వంటామె, యాభై ఏళ్ళు దాటిన మనిషి, వంటింటి కిటికీ గట్టు మీద రేడియో పెట్టి దాని పక్కనే చేతిలో గరిటెతో నిలబడి ఉంది. నా చేతిలో ట్రాన్సిస్టర్ చూసింది.

"మీదీ అదే స్టేషనా?" అని అడిగింది.

"అదే" అన్నాను.

"అయితే దాన్ని కట్టెయ్యండి, నాది గట్టిగా వినిపిస్తుంది. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇంకా రెండు రన్లు వెనకే. కూర్చోండి. ఆర్డర్ తర్వాత తీసుకుంటాను."

ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు అవుటైతే ఆట అయిపోయినట్టే. ఇద్దరు పరుగు దారిలో మధ్యలో ఉన్నారు. ఇప్పుడు బంతి కంచె దాటితే కొట్టినవాడితో కలిపి ముగ్గురూ ఇంటికొచ్చేస్తారు, మూడు రన్లతో గెలిచేస్తాం. మా ఆయనకి ఇదంతా గుసగుసగా చెప్తే, "తెలుసు, విననీ" అని కసిరారు. ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలియదు. రేడియోలో కర్ర ఠప్పుమంది. జనం హోరు లేచింది. పెద్దాయన గొంతు ఎన్నడూ లేనంత పైకి వెళ్ళింది. "దాటింది! దాటేసింది!" అని అరిచారు. డైనర్లో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. వంటామె గరిటె పైకెత్తింది.

అంతలో జనం హోరు ఒక్కసారిగా నిట్టూర్పయింది.

"లేదు" అన్నారు పెద్దాయన. "కంచె దగ్గర పట్టేశాడు. ఆట అయిపోయింది. ఇన్నేళ్ళూ నాకు కనిపించిందే మీకు చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం నేను కోరుకున్నది చెప్పేశాను. మన్నించండి." స్కోరు చెప్పారు, విన్నందుకు అందరికీ థాంక్స్ చెప్పారు. వెంటనే ట్రాక్టర్ టైర్ల ప్రకటన వచ్చింది.

నేను ఏడ్చాను, సిగ్గుపడకుండానే. ఎవరూ నా వంక వింతగా చూడలేదు. వంటామె రేడియో కట్టేసి, ఆప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుని, "నేనైతే మొదట చెప్పిందే నమ్ముతాను" అంది. తర్వాత రెండు కప్పులు తెచ్చి మా ముందు పెట్టింది. కప్పు యాభై సెంట్లు, వాటికి డబ్బులు తీసుకోలేదు. మా ఆయన ఒక గుక్క తాగారు. ఆ మొహం చూస్తే కాఫీ ఎలా ఉందో తెలిసిపోతోంది. అయినా కప్పు అడుగుదాకా తాగేశారు.

"చెప్పాను కదా, బావుంటుందని" అన్నారు.

డేటన్ దాటి సిన్సినాటి చేరేసరికి చీకటి పడింది. కెంటకీలో హైవే పక్కన ఇరవై ఆరు డాలర్ల మోటెల్‌లో పడుకున్నాం. మర్నాడు టెనెస్సీ సరిహద్దు కొండల్లో లోడుతో ఉన్న ట్రక్కు ఎక్కలేక ముప్ఫై మైళ్ళ వేగానికి పడిపోయింది. అక్కడ కుడి లేన్ వదలకండి, దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. చాటనూగా దాటాక దారి సులువే. అట్లాంటా చేరేసరికి ఆరుంబావు, ట్రక్కు ఆఫీసు మూసేశారు. మర్నాడు పొద్దున్నే ఇంకో రోజు అద్దె కట్టి, దాని గురించి నాతో ఒక్క మాట కూడా అనకుండా ఆయన ఉద్యోగంలో చేరడానికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఫోన్లో ఏ ఊరి ఆటనైనా ఏ ఊళ్ళో కూర్చునైనా వినొచ్చు, నేనూ వింటూనే ఉంటాను. మంచి గొంతులు చాలా ఉన్నాయి. పెద్దాయన గొంతు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవిలో పలుకుతుంది, పలికినప్పుడల్లా ఆ డైనర్ గుర్తొస్తుంది. నేను ఆ ఊళ్ళో ఒంటరిగా ఉన్నానని ఈయనకి తెలియదనుకున్నాను. ఇరవై మైళ్ళు వెనక్కి తిప్పిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆరేళ్ళూ తెలుసు, చెప్పడమే చేతకాలేదు. ఆ సాయంత్రం మళ్ళీ దక్షిణానికి తిరిగి సిడ్నీ దాటేసరికి చూసుకుంటే ఆ పాత కోపం నాలో లేదు. ఈ మాట ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే ఈరోజుకీ కాఫీ కోసమే తిప్పానంటారు, నేనూ సరేనంటాను.

స్నేహా, ఇక నీకు పనికొచ్చే సలహా ఒక్కటే. ట్రక్కు అప్పగించే టైము సరిగ్గా సరిపోయేలా పెట్టుకోవద్దు, సగం రోజు ఖాళీ ఉంచుకోండి. పక్క సీట్లో ఉన్నవాళ్ళు వెనక్కి తిప్పమని నోరు తెరిచి అడగరు.