రెండోసారి వడ్డన

సినిమా యూనిట్‌కి భోజనాల లెక్క కట్టడం నా పని. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. లొకేషన్ గేటు దగ్గర నిలబడి, బస్సుల్లోంచి దిగే జనాన్ని చూసి చూసి నేనే నేర్చుకున్నాను. ఫైట్ తీసే రోజు అన్నం ఎక్కువ పోతుంది. పాట తీసే రోజు పెరుగు చాలదు. ఎండ మండిపోతుంటే పప్పు కంటే ముందు చారు అయిపోతుంది. నూట ఇరవై మందికి ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ వేసవిలో జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా తీసుకుని షూటింగ్ చేస్తున్నాం. వంట మాత్రం యూసుఫ్‌గూడలో, ఒక అక్క షెడ్డులో. ఆమెది కోస్తా వైపు. భర్త పోయాక ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని సినిమావాళ్ళకు వండటం మొదలుపెట్టింది. రోజూ పొయ్యి ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంటే గానీ నిప్పు అంటించేది కాదు. గుండిగలూ స్టీలు పళ్ళేలూ గ్లాసులూ ట్రాలీ ఆటోకి ఎక్కించి కొండ మీదికి పంపేది.

బియ్యం లెక్క సరిగ్గానే ఉంది. అయినా బంగళా వెనక పెట్టిన ఎంగిలి డ్రమ్ము నిండిపోతోంది. మనుషులకు తగ్గట్టే వండినప్పుడు ఇంత ఎలా మిగులుతుందో నాకు అంతుపట్టలేదు. అన్నం పారేయవద్దని మా మేనేజర్ చేతులు కడుక్కునే చోట ఒక బోర్డు పెట్టించాడు. అందరూ దాని కిందే నిలబడి పళ్ళేలు దులిపారు. ఒకతను తడి చేతులు ఆ బోర్డుకే తుడుచుకున్నాడు.

చివరికి మేనేజర్ నన్ను పిలిచి, ఈ షెడ్యూల్ అయ్యేలోగా ఇది తగ్గకపోతే వచ్చే షెడ్యూల్‌కి ప్యాకింగ్ భోజనాలు తెప్పిస్తానన్నాడు. నాకు లెక్క వేయకుండా ఉండటం చేతకాదు. మనిషికి ఒక ప్లాస్టిక్ డబ్బా, రెండు కప్పులు, ఒక చెంచా, ఒక నీళ్ళ సీసా. అన్నం డ్రమ్ము పోయి ప్లాస్టిక్ గుట్ట వస్తుందని చెప్పాను. అయితే నువ్వే తగ్గించి చూపించు, ఆవిడకి కూడా నువ్వే చెప్పుకో అన్నాడు.

అక్కకు అప్పట్లో మా యూనిట్ తప్ప వేరే పని లేదు. మేము మానేస్తే ఆ షెడ్డు మూతపడుతుంది.

సాయంత్రం యూసుఫ్‌గూడ వెళ్ళాను. దారి పొడుగునా రోజుకు ఎంత పోతోందో అంకెలు వరసగా పేర్చుకున్నాను. తీరా వెళ్ళేసరికి ఆమె మర్నాటి పప్పుకు వెల్లుల్లి ఒలుస్తోంది. అంకెలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. నేనూ కూర్చుని నాలుగు పాయలు ఒలిచాను.

"గుండిగలన్నీ ఖాళీగానే వస్తున్నాయి కదా తమ్ముడూ, ఇలా వచ్చావేంటి?" అంది.

ఖాళీ గుండిగలే ఆమెకు చేరుతున్నాయి. డ్రమ్ము సంగతి ఆమెకు తెలియదు. పళ్ళేల్లో మిగిలిపోతోందని, ఎందుకో నాకు తెలియడం లేదని, ఒకసారి వచ్చి చూడమని మాత్రం అడిగాను. డబ్బాల సంగతి కూడా దాచలేదు.

ఆమె చేతిలో వెల్లుల్లి పక్కన పెట్టింది. "ఉప్పు ఎక్కువవుతోందా?" అంది, చాలా నెమ్మదిగా. వంట సంగతి కాదక్కా అన్నాను.

మర్నాడు గుండిగలతో పాటు ఆటోలో ఆమె కూడా వచ్చి, గోడ పక్కన నీడలో నిలబడింది. ముందు ఆర్టిస్టులు తిన్నారు, తరవాత కెమెరావాళ్ళు, చివరికి లైట్‌మన్లు. అప్పటికే ఒక గుండిగ ఆటో ఎక్కుతోంది. తొందరగా సర్దేయడం మా దగ్గర అలవాటు. అది ఎవరు పెట్టిన అలవాటో ఎవరికీ గుర్తులేదు.

పెద్ద వయసు లైట్‌మన్ ఒకాయన పళ్ళెం నిండా పెట్టించుకుని, సగం తినగానే షాట్‌కు పిలుపొచ్చి లేచాడు. నేను ఏదో అనబోయేలోగా అక్క అతని ముందుకు వెళ్ళింది.

"బాగోలేదా బాబూ?"

అతను బిత్తరపోయాడు. "బాగలేక కాదమ్మా. మేం కూసునేసరికే గుండిగలు ఆటోల ఎక్కుతయి. మళ్లా అడుగుదామంటే గీడ ఎవరుంటరు? అందుకే ఒక్కసారే పెట్టించుకుంటం. ఇంతల పిలుస్తరు, గట్లనే ఇడిచి పోతం."

అక్క ముఖం తేటపడింది. వంట సంగతి కాదని నేను ముందురోజు చెప్పినా ఆమె నమ్మలేదని అప్పుడు తెలిసింది.

ఆ మర్నాడు గరిటె తనే పట్టుకుంది. ఒక్కొక్కరికి కొంచెమే వడ్డించి, "మళ్ళీ వస్తాను బాబూ" అంటూ వరస నడిచింది. మొదట ఎవరూ పళ్ళెం వెనక్కి తీసుకోలేదు.

"ఇంకో గరిటె ఎయ్యమ్మా, మళ్లా ఎప్పుడొస్తవో ఏమో" అన్నాడు ఒకడు.

"ఎక్కడికి పోతానయ్యా? ఆటో తాళం నా కొంగునే ఉంది" అని కొంగు ముడి చూపించింది. వరసంతా నవ్వారు. నిజంగానే ఆమె రెండోసారి వచ్చింది. చాలామంది చాలమ్మా అని చెయ్యి అడ్డం పెట్టారు.

ఒక్కరోజుతో మారలేదు. వడ్డించే కుర్రాళ్ళకూ ఆ మాట నేర్పాం. ఒకతను మళ్ళీ వస్తానని చెప్పి, ఫోన్ మాట్లాడుతూ వెళ్ళడం మర్చిపోయాడు. మర్నాడు అతని వరసలో పళ్ళేలన్నీ మళ్ళీ గుట్టలుగా నిండాయి. అప్పటినుంచి బియ్యం, పప్పుతో పాటు ఆ మాటను కూడా నా లెక్కలో కలుపుకుంటున్నాను. అది తక్కువైతే ఎంత బియ్యం పోసినా డ్రమ్ముకే చేరుతుంది.

బంగళాలో చివరి రోజు మేనేజర్ వెనక్కి వెళ్ళి డ్రమ్ములోకి తొంగి చూశాడు. అడుగున కరివేపాకు, మునక్కాడ పిప్పి, కాస్త అన్నం. తిరిగి వచ్చి, తరవాతి షెడ్యూల్ ఎప్పుడో అక్కకు చెప్పమన్నాడు.

చెబుదామని వెళ్తే అక్క అప్పటికే లైట్ల పెట్టె మీద కూర్చుని ఉంది. ఇన్ని రోజులూ ఆమె మాతో కూర్చుని తినడం నేను చూడలేదు. ఆ లైట్‌మన్ పెద్దాయన ఒక పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టి ఆమె చేతికిస్తున్నాడు.

"కొంచెమే పెట్టినమ్మా. నిమ్మళంగ తిను. మళ్లా వస్త."

ఆమె తల వంచుకుని కలుపుకుంది. నేను షెడ్యూల్ సంగతి చెప్పాను. తల ఊపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోగా పెద్దాయన గరిటెతో తిరిగి వచ్చి నిలబడ్డాడు.