పిన్ని నుదుటి బొట్టు

మా పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో అది వింత జబ్బేమీ కాదు, ప్రతి వీధిలోనూ ఉన్నదే. రావివలస మల్లికార్జునుడికి మొక్కాం, పలాస డాక్టర్ల చుట్టూ తిరిగాం. ఒళ్లు ఉబ్బడం ఆగలేదు. చివరికి పిన్ని పక్కింటావిడ వెంట ప్రార్థనకు వెళ్లింది. అక్కడెవరో తన తల మీద చెయ్యి పెట్టి తన కోసం ఏడ్చారట. ఆ రోజు కంటినిండా నిద్రపోయానంది. బాప్తిస్మం తీసుకుంది, బొట్టు తీసేసింది. బాబాయి కూడా ఆమె వెంటే నడిచాడు.

మా అమ్మ భరించలేకపోయింది. "మొగుడు బతికుండగా ఆ బోసి నుదురేటే!" అని చెల్లెలితో మాటలు మానేసింది. ఉప్పు లేకుండా కూర వండి నాచేత పంపేది, ఎవరు వండారో చెప్పొద్దనేది. పిన్ని ఒక ముద్ద తినగానే "అక్క సేతి వంటే" అనేది. అయినా ఇద్దరికీ పంతమే. ఏం చేసుకుంటారమ్మా ఆ పంతాలు అని నాకు ఒళ్లు మండిపోయేది.

ఎండాకాలంలో పిన్ని పోయింది. బాబాయి జీడితోటలో గొయ్యి తీయించాడు. మా వైపు ముత్తైదువ పోతే పుట్టింటివాళ్లు పసుపు రాసి, కుంకుమ పెట్టి సాగనంపాలి. అవేవీ కూడదన్నారు ప్రార్థనవాళ్లు. అమ్మ కుంకుమ భరిణెతో వచ్చి బాబాయి కాళ్ల మీద పడిపోయింది.

"బాబూ, ఒక్క బొట్టు పెట్టనీ. నా సెల్లిని ముండమోసినదాన్లాగ పంపకు."

పాస్టరుగారి పాట ఆగిపోయింది. వద్దన్నవాళ్లు ఒకవైపు, పెట్టాల్సిందేనన్న మావాళ్లు ఒకవైపు. ఛీ! వీళ్ల దేవుడూ వాళ్ల దేవుడూ కలిసి ఒక్క కిడ్నీ బాగుచెయ్యలేకపోయారు, ఇప్పుడు నుదురు కోసం తగువా! అరవాలనిపించింది.

బాబాయి ఎవరి వైపూ చూడకుండా అమ్మను లేవదీశాడు. "పెట్టెయ్ వదినా," అన్నాడు.

అమ్మ కుంకుమలో వేలు అద్ది శవపెట్టె మీదకు వంగింది. చెల్లెలి ముఖం అంతలా ఉబ్బిపోయిందని అప్పటిదాకా ఆమెకు తెలియదు. వేలు గాలిలోనే ఆగిపోయింది.

"పోయేముందు ఇది ఏటన్నాది, బాబూ?"

"'నాకు బొట్టొద్దు. అక్క ఏడిత్తే మాత్రం పెట్టనీ' అన్నాది."

అమ్మ వేలిని తన చీరకే తుడిచేసుకుంది. చెల్లెలి బుగ్గలు రెండు చేతులా పట్టుకుని, "నీ ఇష్టమేనే, లెగవే, నీ ఇష్టమేనే," అంటూ ఊపేసింది. మూత వెయ్యడానికి ఆమెను మేమంతా కలిసి లాగాల్సి వచ్చింది.