చెరకు తోటలో ఎర్ర ముసుగు

ఆ రోజుల్లో మా ఈడు ఆడపిల్లలం ఒంటితో ఎడపల్లి పక్కన ఉంటూ మనసుతో జపానులో కాపురం చేసేవాళ్ళం. ఇంటర్ చదువుకని పొద్దున్నే బోధన్ బస్సెక్కి, ఒకే ఇయర్‌ఫోన్ తీగను ఇద్దరిద్దరం చెరొక చెవిలో పెట్టుకొని, కింద పరుగెత్తే అక్షరాలు చదువుకుంటూ జపాను బొమ్మల సీరియళ్ళు, అదే అనిమేలు, చూసేవాళ్ళం. కండక్టరు పాసు అడిగితే చూపించి జపాను భాషలో ధన్యవాదాలు చెప్పేవాళ్ళం. (ఆయన అదేదో తిట్టు అనుకొని మరాఠీలో జవాబిచ్చేవాడు. బోధన్ రూటులో అర్థంకాని మాట వినబడితే అది మరాఠీయే అయ్యుంటుందని ఆయన నమ్మకం.) ఇంట్లో బాపు (మా నాన్న) నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "ఏందే జపానూ, బువ్వ తిన్నవా?" అనేవాడు. నేను దాన్ని బిరుదనుకొని మురిసిపోయేదాన్ని.

అన్నిటికంటే నాకు పిచ్చి పట్టించింది ఒక ఫోన్ ఆట. ఎర్ర ముసుగు వేసుకున్న పిల్ల బుట్ట పట్టుకొని అడవిలో ఉన్న అవ్వ ఇంటికి పోవడం, దారిలో తోడేలు మోసం చేయడం, మనందరం చిన్నప్పుడు ఇంగ్లీషు వాచకంలో బొమ్మలు చూస్తూ చదువుకున్న కథే. తెల్లవాళ్ళు పిల్లల్ని నిద్రపుచ్చడానికి చెప్పుకున్న ఆ కథను జపాను వాళ్ళు నిద్ర పట్టకుండా ఉండేటట్టు తిప్పి రాశారు. ఈ ఆటలో మనం పిల్ల కాదు, అవ్వ. కట్టె ఇంట్లో దీపం ముందు కూర్చొని ఉంటాం. బయట మంచు. చెట్ల మధ్య నుంచి ఒక సన్నని గొంతు పిలుస్తుంది: "ఒబాచ్చాన్..." అంటే వాళ్ళ భాషలో అవ్వా అని. ఆ వెనకనే నవ్వో ఏడుపో తేలని చప్పుడు. పిలిచేది మనవరాలు కావచ్చు, ఆమె ముసుగు కప్పుకున్న తోడేలైనా కావచ్చు. మొదటిసారి పలికితే అది దడి దాకా వస్తుంది, రెండోసారికి గడప దాకా, మూడోసారికి తలుపు తెరుచుకుంటుంది. పలకకపోతే మనం బతికిపోతాం. కాకపోతే పిలిచింది నిజం పిల్లే అయితే తెల్లారేసరికి మంచులో ఎర్ర ముసుగు ఒక్కటే కనబడుతుంది. నేను ఎన్నడూ పలికేదాన్ని కాదు. మంచులో ముసుగులు కుప్పలు పడ్డా నా అవ్వ మాత్రం క్షేమంగా ఉండేది. అది నా తెలివేనని గర్వపడి, నేనాడే ఆటను రికార్డు చేసి దోస్తులకు చూపించేదాన్ని.

మా ఇంట్లోనూ ఒక అవ్వ ఉంది, బాపును కన్న తల్లి. (బాపు అవ్వ అనేవాడు, విని మేమూ అవ్వ అనే అనేవాళ్ళం. ఊళ్ళో సగంమందికి ఆమె అవ్వే.) కళ్ళు మసకబారాయి గాని చెవులు మాత్రం పాముచెవులు. చర్చిలో పెద్దవాళ్ళకు కప్పిన ఎర్ర శాలువాను ఎండాకాలంలో కూడా భుజం మీంచి దించేది కాదు. మతిమరుపు అప్పటికే ముదిరింది. ఏనాడో చచ్చిపోయిన బర్రెకు కుడితి పెట్టాలని ఉన్నట్టుండి లేచి ఎటో బయలుదేరేది. మా ఇంటి వెనక నుంచే చెరకు మొదలవుతుంది. ఆ చలికాలం ఇంట్లో అందరి భయం ఒక్కటే, ఏదో ఒక పొద్దుమూకే వేళ అవ్వ అందులోకి నడిచిపోతుందని. ఎదిగిన చెరకులో దారి తప్పితే కళ్ళున్నవాడికే బయటపడడం కష్టం, పైగా లోపల అడవి పందులు.

నేను ఆట ఆడుతుంటే అవ్వ పక్కన కూర్చొని వినేది. "గట్ల గొంతు పోయేటట్టు పిలుస్తుంటె పలకవేందే? నోట్ల ఏమన్న పెట్టుకున్నవా?" అనేది.

"పలుకొద్దవ్వా. అది తోడేలు కావచ్చు."

"తోడేలైతె ఏంది? దానికి సలి పెట్టదా?" అని, నేనే ఏదో పాపం చేసినట్టు చూసేది.

ఇక పందుల సంగతి. మా దిక్కు చెరకు మనుషుల కోసం పండుతుందా, పందుల కోసం పండుతుందా అనేది ఇప్పటికీ తేలలేదు. వాటిని బెదిరించడానికి ప్రతివాళ్ళూ చేనులో గుంజకు చిన్న మైకు ఒకటి కట్టేవాళ్ళు. అది బ్యాటరీతో నడుస్తుంది, మెమరీ కార్డులో ఏది ఎక్కిస్తే దాన్నే ఆగి ఆగి అరుస్తుంది. బాపు తన గొంతే ఎక్కించాడు: "హేయ్! ఉరుకుండ్రి! నేనొస్తున్న ఆగుండ్రి!" అని. నాలుగు రోజులు తిరిగేసరికి పందులు దానికి అలవాటుపడి, ఆ అరుపులు వింటూనే తాపీగా చెరకు నమిలాయి. (ఇంట్లో మేమూ ఆ గొంతుకు ఎప్పుడో అలవాటుపడ్డాం, పందుల్ని తప్పుపట్టలేం.) "దీని సంగతి సూస్త" అంటూ బాపు ఒకరోజు మైకును విప్పుకొని పోయాడు. తర్వాత దాన్ని ఏం చేశాడో నేను పట్టించుకోలేదు. నాకు జపానులో పనులున్నాయి.

క్రిస్మస్‌కు ముందు ఒక సాయంత్రం. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నా వెనకనే బాపు బండి వచ్చి ఆగింది. దిగుతూనే, "అవ్వేది?" అన్నాడు.

"నువ్వు చేన్లకు పోతుంటె నీ ఎంబడే వచ్చింది గద? నీ తాన్నే ఉన్నదనుకున్న," అంది అమ్మ.

"నా తాన యాడిది? చేన్లకెళ్ళి గట్లనే బోధన్ పోయిన. ఇప్పుడే వస్తున్న."

అమ్మ ఒళ్ళోంచి చేట జారి చుట్టిన బీడీలన్నీ మట్టిలో పడ్డాయి. ఆమె వాటి వైపు చూడను కూడా చూడలేదు. బాపు కాలువ దిక్కు ఉరికాడు, అమ్మ చర్చి దిక్కు. మిగిలింది చెరకు. అది నా వంతుకు వచ్చింది.

గట్టు మీదికి పోయేసరికి పొద్దు కుంకుతోంది. గాలి లేదు, అయినా చెరకు ఆకులు గరగరమంటూనే ఉన్నాయి. లోపల ఎవరో మెల్లగా ఒత్తిగిల్లుతున్నట్టు ఒకచోట మొదలైన చప్పుడు ఇంకోచోట ఆగుతోంది. పొగమంచు సన్నగా మొదళ్ళ మీదికి దిగుతోంది. నాందేడ్ దిక్కు నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన ఒక ఆమె నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకొని ఎదురైంది. నేను అడగకముందే చేత్తో చూపించి, "తుఝీ ఆజీ తికడే గేలీ," అంది. మీ అవ్వ అటు పోయిందని. హమ్మయ్య అనుకునే లోపలే ఇంకో మాట అంది: "తికడే పోర్గీ రడ్తే." అక్కడ ఒక పిల్ల ఏడుస్తోందని. ఏ పిల్లని అడిగితే తెలియదంది, మధ్యాహ్నం నుంచి వినబడుతోందట. ఎవరి పిల్లో ఏమో అన్నట్టు పెదవి విరిచి, బిందె తొణక్కుండా నడిచిపోయింది.

అప్పుడు విన్నాను. చెరకు నడుమ నుంచి, సన్నగా, సాగదీసి, "ఒబాచ్చాన్..." ఆ వెనకనే నవ్వో ఏడుపో తేలని ఆ చప్పుడు.

(మీరు ఇప్పటికే సంగతి కనిపెట్టి ఉంటారు. ఆ తెలివి నాకప్పుడు లేదు.) ఫోన్ తీసి చూశాను. ఆట మూసే ఉంది. ఊళ్ళో ఎవరైనా ఆ గొంతు వింటే పిట్టనో పసిపిల్లనో అనుకొని తమ పని తాము చేసుకునేవాళ్ళు. అదేమిటో తెలిసిన మనిషి మండలం మొత్తంలో నేనొక్కదాన్నే, భయంతో చచ్చే యోగం కూడా నాకొక్కదానికే. ఆదివారం బడిలో నేర్చుకున్న కీర్తన గుర్తుచేసుకుందామంటే రెండో చరణంలో ఆటలోని సూచనలు వచ్చి కలిశాయి. రెండు చెవులూ మూసుకొని వెనక్కి తిరిగి పారిపోయేదాన్నే. అంతలో లోపలి నుంచి జవాబు వినబడింది.

"ఆఁ... ఈడనే ఉన్న బిడ్డా!"

అవ్వ. అవ్వ పలికింది! ఎన్ని ఆటల్లో ఎంత జాగ్రత్తగా మూసి ఉంచిన నోరు అది! నేను చెరకులోకి దూరాను. ఆకులు చెంపల మీద గీరుకుపోతున్నాయి, కాళ్ళకు మొదళ్ళు తగులుతున్నాయి. తల పైకెత్తితే ఆకాశం సన్నని పీలికలా ఉంది. కాసేపటికి మళ్ళీ "ఒబాచ్చాన్..." ఈసారి ఎడమ వైపు నుంచి వచ్చినట్టనిపించింది, నిజంగా ఎటు నుంచి వచ్చిందో చెప్పలేను. చెరకులో గొంతు అన్ని వైపుల నుంచీ వస్తుంది.

"వస్తున్న, వస్తున్న! ఏడువకు!" అంది అవ్వ.

రెండోసారి. గడప దాకా వచ్చేసింది. నాకు ఒళ్ళు తెలియలేదు. "అవ్వా! పలుకకూ!" అని గొంతు చించుకొని అరిచాను.

"ఆఁ!" అంది అవ్వ, నా పిలుపుకు.

మూడోసారి పలికించింది నేనే. ఆ తర్వాత ఏ గొంతూ లేదు. ఆకుల చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది. అవ్వ లేకుండా ఇంటికి పోయి బాపుకు ఏం చెప్పాలి అన్నది ఒక్కటే బుర్రలో మోగుతోంది. ఏడుస్తూ, చెరకును రెండు చేతులా తోసుకుంటూ ఉరికి, ఒక్కసారిగా ఒక చిన్న ఖాళీలోకి పడ్డాను.

అవ్వ నేల మీద కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. పక్కన, ఆమె భుజం ఎత్తులో, ఎర్ర ముసుగు కప్పుకొని ఒక పిల్ల. మొహం నాకు అటు వైపు ఉంది. అవ్వ దాని తల నిమురుతోంది. ఆ ముసుగు లోపలి నుంచి, బరువుగా, మూసుకుపోయినట్టు, "ఒబాచ్చాన్..." అని వచ్చింది.

నేను కేకపెట్టానని మీరు అనుకోవచ్చు. లేదు. "హై!" అన్నాను. జపాను భాషలో 'ఆఁ' అన్నమాట. ఇన్నాళ్ళూ పలకనిదాన్ని, పలికితే వాళ్ళ భాషలోనే, అదీ మర్యాదగా పలికాను. పలికి కూలబడ్డాను.

నా అరుపులు విని బాపు కాలువ గట్టు నుంచి ఉరికొచ్చేసరికి మేం ముగ్గురం అట్లాగే ఉన్నాం. ఆయన అవ్వను ఒళ్ళంతా తడిమి చూసి, ఊపిరి పీల్చుకొని, ఎర్ర శాలువాను పక్కకు లాగాడు. లోపల గుంజ, గుంజకు మైకు. అల్మారాలో ఉన్న నా పాత ఫోన్‌లోంచి మెమరీ కార్డు తీసుకుపోయి, "పందులు ఉరికేటిది ఏదన్న పెట్టు" అని రీచార్జి దుకాణం అన్నకు ఇచ్చాడట. ఆ అన్న కార్డులో ఉన్నవన్నీ విని, నేను రికార్డు చేసుకున్న ఆటనే ఏరి పెట్టాడట. బాపు ఆ పగలే దాన్ని తెచ్చి గుంజకు కట్టాడట. "ఇది ఇని మా దుకాణం ముంగట కుక్క మల్ల రాలేదు బాపూ," అని గ్యారంటీ కూడా ఇచ్చాడట. "పందులైతె రాలేదు," అన్నాడు బాపు నా వైపు చూస్తూ. "నువ్వే వస్తివి."

"మెల్లగ మాట్లాడుండ్రి," అంది అవ్వ. "ఎవ్వల పిల్లనో. అవ్వా అవ్వా అని పగటీలి సంది ఒర్లుతున్నది. మీకెవ్వలికి ఇనవడలేదా?"

అవ్వకు జపాను రాదు. 'ఒబాచ్చాన్' అంటే ఏమిటో నేను ఎన్నడూ చెప్పలేదు. "అది అవ్వా అనే అంటున్నదని నీకెట్ల తెలుసవ్వా?" అని అడిగాను.

"సలిల తప్పిపోయిన పిల్ల ఇంకెవల్ని పిలుస్తదే పిచ్చిదానా?" అంది.

పిల్లను అక్కడ వదిలి రానని భీష్మించుకుంది. బాపు కాసేపు బతిమాలి, చివరికి మైకును విప్పి, శాలువాలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. (ఆ రాత్రి మా చెరకులో పందులకు పండుగ జరిగింది. పొద్దున్నే పోయి చూసి వచ్చి కూడా బాపు మైకును తిరిగి అడగలేదు.) అవ్వ ఆ మూటను చంకనెత్తుకొని, రెండో చెయ్యి నాకిచ్చి నడిచింది. గట్టు మీదికి వచ్చాక ఆగి, మసక కళ్ళతో నన్ను చాలాసేపు చూసింది. "నువ్వెవల పిల్లవే?" అంది.

"నీ కొడుకు బిడ్డనవ్వా," అన్నాను.

"మా వానికి గింత పెద్ద బిడ్డ ఉన్నదా?" అని అవ్వ ఎంతో సంబరపడింది. "సూడు, నాతోని చెప్పనే లేదు వాడు." ముందు నడుస్తున్న బాపు వెనక్కి తిరగలేదు, తల మాత్రం ఇంకాస్త వంచుకున్నాడు. నా చెయ్యిని అవ్వ ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ ఆట ఇప్పుడు లేదు, కంపెనీ వాళ్ళు ఆపేశారు. నేను నిజామాబాద్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను, జపాను మాటలు చాలావరకు మరిచిపోయాను. సెలవుల్లో ఇంటికి పోతే సాయంత్రం గట్టు మీద ఒకసారి నిలబడి, ఎవరూ లేకుండా చూసి, అవ్వా అని పిలుస్తాను. చెరకు గరగరమంటుంది, అంతే. ముఖం నిండా గీతలతో చెరకులో ఏడుస్తూ ఉరికిన ఆ ఇంటర్ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. అవ్వ పలుకుతోందని అంత భయపడింది, పలకని రోజు ఒకటి వస్తుందని తెలియదు పాపం దానికి.