విమానం దీపాలకు బొట్లు

మొన్న కారు హెడ్‌లైట్లు పసుపుతిరిగి మసకబారాయని అత్వెల్లి రోడ్డు పక్క మెకానిక్‌కు చూపిస్తే, అతను వంగి కూడా చూడకుండా “ఇవి ఇగ పనికిరావు మేడం, మార్చుడే” అన్నాడు. చూడకుండా తీర్పు చెప్పేవాళ్ళంటే నాకు పుట్టుకతోనే పడదు. “అద్దం గుడ్డిదయింది గని నీ కండ్లు మంచిగనే ఉన్నయి గదా, జర వంగి సూడు” అని, కారు తిప్పుకుని ఇంటికొచ్చి, ఒక పూటంతా కూర్చుని నేనే రుద్దుకున్నాను. చేతులు రుద్దుతున్నాయి కానీ, మనసు మా నాయిన దుకాణంలో కూర్చుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, శామీర్‌పేట అవతల ఒక చిన్న విమాన శిక్షణ సంస్థలో నేను స్టోర్ చూసుకునేదాన్ని. కెమిస్ట్రీ చదివి బోల్టులు లెక్కపెట్టుకోవడమేమిటని మా అత్తగారివైపు వాళ్ళు దెప్పేవారు. ఒక బోల్టు తక్కువైన విమానం మీరెక్కుతారా అని నేనడిగేదాన్ని. మా చీఫ్ ఇంజనీరుగారిది కోస్తా. పేట్ బషీరాబాద్‌లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. గొప్ప పనిమంతుడు. నాతో వాదం పెట్టుకోనిదే ఆయనకు టీ దిగేది కాదు. నాకూ అంతే అనుకోండి.

మా దగ్గరున్న వాటిలో ఒక పాత నాలుగు సీట్ల విమానం, ఎగిరాక చక్రాలు కడుపులోకి ముడుచుకునే రకం. దిగే ముందు ఆ చక్రాలు మళ్ళీ కిందికొచ్చి బిగుసుకున్నాయని చెప్పడానికి పైలట్ ఎదుట మూడు చిన్న దీపాలు వెలుగుతాయి. ఒక్కోదాని మీద చొక్కా బొత్తామంత ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత. మూడూ వెలిగితేనే నేల మీదికి దిగడం. ఆ సంవత్సరం ఆ మూతలు మీగడ కట్టినట్టు తెల్లబడిపోయాయి. ఎండపొద్దున దీపం వెలిగిందో ఆరిందో తెలియడం లేదు. సోమవారం తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయన కాదంటే విమానం షెడ్డుకే అంకితం. కొత్త మూతలు విదేశం నుంచి రావడానికి నెలలు పడుతుందని అప్పటికే జవాబొచ్చింది.

ఇంతకీ తప్పెవరిది? ఇక్కడ నేను నిజం ఒప్పుకోవాలి. ఏటా ఆయుధపూజ నాడు, షెడ్డు మొత్తానికి ఒక్కతే ఆడమనిషినని పసుపుకుంకుమల పళ్ళెం నా చేతికిచ్చేవారు. ప్రొపెల్లరుకూ చక్రాలకూ పెట్టి ఊరుకున్నానా? లోపలికెక్కి, నూనెలో కలిపిన కుంకుమతో ఆ మూడు దీపాలకూ మూడు బొట్లు ముద్దుగా దిద్దేదాన్ని. మర్నాడు ఇంజనీరుగారు వాటిని రంగులు కరిగించే థిన్నరులో ముంచిన గుడ్డతో తుడిచేవారు. అలా అయిదు దసరాలు గడిచాయి.

“మీ బొట్ల వల్లేనండీ ఇదంతా” అన్నారాయన.

“బొట్టు పెడితే మసకబారుతదా సార్? గట్లయితే మా ఊరి ఆడోళ్ళ మొఖాలన్నీ మసకబారాలె. మీ థిన్నరు తిన్నది దాన్ని.”

“తుడవకుండా మీ కుంకంతోనే ఎగరమంటారా?”

“సబ్బునీళ్ళతోని తుడవొద్దని ఎవలన్నరు?” అని, అదే ఊపులో, “మా నాయినకియ్యుండ్రి. సోమవారం లోపట అద్దాల్లెక్క చేసిస్తడు” అనేశాను.

నోరు జారి అన్న మాట కాదది. నాయినది మేడ్చల్ బస్టాండు పక్క గడియారాల రిపేరు దుకాణం. ముప్ఫయ్యేళ్ళుగా గీతలు పడ్డ వాచీ అద్దాలను, అవీ ప్లాస్టిక్‌వే, చేత్తో రుద్ది మెరిపించిన మనిషి. చవక వాచీలొచ్చాక, ఆగినదాన్ని అవతల పడేసి కొత్తది కట్టుకోవడం మొదలైంది. నెలాఖరుకు దుకాణం ఖాళీ చేస్తానని ఆ వారమే అన్నాడు. “నా పని ఒడిసింది బిడ్డా. ఇగ ఈ చేతులు ఎవలకు గావాలె?” ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

శనివారం పొద్దున ఇంజనీరుగారే మూతలు విప్పి, స్టీలు టిఫిన్ డబ్బాలో దూది పరిచి దుకాణానికి తెచ్చారు. నాయిన కంటికి భూతద్దం తగిలించుకుని ముందు అంచు చూశాడు. “రంగు పైపూత గాదు, లోపటిదాంక ఉన్నది. రుద్దినా పోదు, బతికినం” అన్నాడు. తర్వాత పైన చూశాడు. “జిడ్డేమో కుంకుమది. జిడ్డు కింద సన్న పగుళ్ళున్నయి, అవి ఏదో ఘాటు మందుతోని తుడిస్తె వచ్చినయి. బొట్లు ఎవలు పెట్టిన్రు?”

ఇంజనీరుగారు నావైపు చూసి హాయిగా నవ్వారు.

“మందు పూసినాయన గూడ ఈడనే ఉన్నట్టుంది” అన్నాడు నాయిన, తలెత్తకుండా.

కుంకుడు నీళ్ళలో నానబెట్టి జిడ్డు వదిలించాడు. దుకాణంలోకెల్లా సన్నని గరుకు కాగితం తడిపి, ఒకే దిక్కుకు రుద్దాడు. మూత ఇంకా తెల్లబడింది. ఇంజనీరుగారి మొహం కూడా. “అయ్యయ్యో, ఉన్నదీ పోయిందండీ!”

“పరేషాన్ గాకుండ్రి సారూ. పగులు లోతెంతనో అందాంక దిగాలె గదా.”

తర్వాత అడ్డంగా రుద్ది మొదటి గీతలు చెరిపేశాడు. ఆ పైన మెత్తని పాత పంచె ముక్క మీద తెల్ల టూత్‌పేస్టు. నాకు ఓపిక చాలక రెండో మూత అందుకుని గబగబా రుద్దబోతే లాక్కున్నాడు. “గంత జోరేంది? వేడెక్కితే ప్లాస్టిక్ అలుగుతది, అచ్చం నీ లెక్కనే.” ఇంజనీరుగారు ఆ మాటను చాలా ఏళ్ళు వాడుకున్నారు. సాయంత్రానికి రెండు అయ్యాయి. మూడోదాని పగుళ్ళు మొండివి. ఆదివారం మధ్యాహ్నానికి గానీ లొంగలేదు.

సోమవారం విమానాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలోకి నెట్టారు. తనిఖీ అధికారి లోపల కూర్చుని స్విచ్ వేశాడు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే చూశాడు, తల పక్కకు వంచీ చూశాడు. “కొత్తవి ఎప్పుడు తెప్పించారు?”

“కొత్తవి కాదండీ” అన్నారు ఇంజనీరుగారు. “మేడ్చల్‌లో మా మాస్టారున్నారు. ఆయన పనితనం.”

ఏ వాదంలోనూ ఒక్క అంగుళం వదలని మనిషి మా నాయినను మాస్టారన్నాడు! అక్కడితో ఊరుకోలేదు. తనిఖీ చూద్దామని వచ్చి షెడ్డు నీడలో ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డ నాయినను చెయ్యిపట్టి తీసుకెళ్ళి పైలట్ సీట్లో కూర్చోబెట్టారు. నాయిన మూడింటినీ చాలాసేపు చూశాడు.

“ఎట్లున్నయి నాయినా?” అన్నాను.

“మూడోదాంట్ల ఒక గీత మిగిలింది. నాకు కనబడ్తాంది.”

“నీకు దప్ప దేవునిక్కూడ కనబడది. దిగు ఇగ.”

సాయంత్రం విమానం ఎగిరింది. శామీర్‌పేట చెరువు మీదుగా చుట్టి వస్తుంటే రేడియోలో పైలట్ గొంతు, “మూడూ పచ్చ” అంది. షెడ్డంతా చప్పట్లు. నేనైతే ఈల వేశాను. మంగళవారం నాయిన ఎప్పటిలా దుకాణం తెరిచాడు. ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు తెరిచాడు. మా షెడ్డులో మసకబారిన ప్రతి అద్దమూ ఆ బల్ల మీదికే వెళ్ళింది.

కాలం ముందు ఎవరైనా అరిగిపోవలసిందేనని అంటారు. నేను ఒప్పుకోను. ఆ రెండు రోజులూ పాత పంచె ముక్క కింద అరిగింది కాలమే, మా నాయిన కాదు.