నాలుగడుగుల తిన్నె

వాసుదేవ మామకు తిన్నెల పిచ్చి, అంటే ఇంటిముందు అరుగుల పిచ్చి. ఇంకే పిచ్చీ లేదు. దీని పక్కన ఇంకోదానికి చోటు చాలదు. కొడుకు పెళ్ళిచూపులకని అత్తిమంజేరిపేట పోయి, పిల్లను చూడకుండా వాళ్ళ వీధి తిన్నెను టేపుతో కొలిచి, సంబంధం ఖాయం చేసుకుని వచ్చాడు. వచ్చిన కోడలు బంగారంలాంటి పిల్ల. దాంతో పిచ్చి ముదిరింది.

కనకమ్మ సత్రం అనే ఆ ఊళ్ళో, మామ వాళ్ళ వీధిలో ఒకప్పుడు ఇంటికో తిన్నె ఉండేది. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి, పెంకుటిళ్ళ తిన్నెలు నేలలోకి దిగబడ్డాయి. ఇళ్ళు కూల్చి మేడలు కట్టినవాళ్ళు అసలు తిన్నె ఊసే ఎత్తలేదు. ఏ కొత్త ఇంటికి పోయినా మామది ఒకటే ప్రశ్న: "అంతా బాగుండాది. తిన్నె యాడ?" కొత్తగా మేడ కట్టిన ఏంజెలిన్ టీచరు పాపం ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఆయన దాన్నీ కొలిచి పెదవి విరిచాడు.

మేనల్లుడు విజయకుమార్ ఇంటి తిన్నె ఒక్కటే నిక్కి నిలబడింది. నున్నగా అరిగి, ఎండల్లోనూ చల్లగా ఉండేది. చిన్నప్పుడు విజయకుమార్ వానలన్నీ దానిమీద బోర్లా పడుకునే చూశాడు. కొత్తింటి కోసం ఒక పొద్దున జేసీబీ వచ్చి, కాఫీ తాగేలోగా దాన్ని ఎత్తేసింది. ఏడాదికల్లా పెంకుటిళ్ళ నడుమ మూడంతస్తులు, నీలం అద్దాలు, బంగారు రంగు గేటు లేచాయి. ఒకాయన కడుపు పట్టుకుని వచ్చి, "డాక్టరు ఎన్ని గంటలకొస్తాడు?" అని అడిగాడు.

"తిన్నె కడితేనే గృహప్రవేశానికి వస్తా," అన్నాడు మామ.

విజయకుమార్ భార్య దేవకి హడలిపోయింది. "మేనమామ లేకుండా కొత్తింట్లో కాలు పెట్టేదెట్లా?"

"ఇంటి ముందు ఎలివేషన్ చెడిపోతాది మామా!" అన్నాడు విజయకుమార్.

"చెడిపోనీరా. రోగులన్నా రాకుండా ఉంటారు."

"సరే, ఎంతెత్తు?"

"రోడ్డు నుంచి నాలుగడుగులు."

"దానిమీద ఎవురు కూర్చుంటారు, ఒంటెనా?"

"నీకెందుకు? కట్టు."

మేస్త్రి ఆరుముగం పగలబడి నవ్వాడు. "అయ్యా, నిచ్చెన కూడా కట్టేదా?"

గేటు పక్కన తిన్నె లేచింది. మామ గృహప్రవేశానికి వచ్చాడు, రెండు సార్లు పాయసం తాగాడు. "ఒకసారి కూర్చో మామా, ఫోటో తీస్తా," అంటే, "నేనా? నడుం విరగ్గొట్టుకునేదానికా?" అని వెళ్ళిపోయాడు. విజయకుమార్‌కు ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున విజయకుమార్ గేటు తీస్తే, ఆకుకూరల వళ్ళియమ్మ వస్తోంది. డెబ్భై దాటిన మనిషి, నెత్తిన గంప. తిన్నె దగ్గర ఆగి, మోకాళ్ళు కొంచెం వంచి, గంపను దానిమీదికి జార్చింది. మొహం తుడుచుకుని నీళ్ళు తాగింది.

"ఏడాదిగా ఈ పక్క రాలేదే అవ్వా?"

"గంప కింద దించితే మళ్ళా ఎత్తేదానికి ఒక మనిషి కావాల గదా నాయనా. మీ పాత తిన్నె ఉన్నప్పుడు ఎవుర్నీ అడగలా. మీ మామ మా ఇంటికొచ్చి నన్ను నిలబెట్టి కొలుచుకోని పోయినాడు. శవప్పెట్టెకేమో అని బయపడినా!"

ఎవరి సాయమూ లేకుండా గంపను నెత్తికెత్తుకుని సాగిపోయింది. విజయకుమార్ మామకు ఫోన్ చేశాడు.

"ముందే చెప్పింటే కాదంటానా మామా?"

"అనవు. జాలిపడి, 'తిన్నె ఎందుకు, నేనే దించి ఎత్తుతాలే' అంటావు. ఒక నెల ఎత్తుతావు కూడా. రెండో నెల ఆరుగంటలకు నువ్వు నిద్ర లేస్తావారా?"

విజయకుమార్ కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "లేవను మామా," అన్నాడు.