చేపల సంఘానికి రాజ్యాంగం

మా అమ్మ శంకరమ్మకు ఓపిక ఎక్కువని ఊళ్లో అందరూ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఓపికా పాడా! నోరు తెరవడానికి తీరికెక్కడిది ఆమెకు? తెల్లారేసరికి చెరువు దగ్గర చేపలు గంపకెత్తుకుని, లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర బస్సెక్కి, కుత్బుల్లాపూర్ కాలనీల్లో అమ్ముకుని వస్తుంది. నాన్న ఉన్నన్నాళ్లు వల ఆయనది, అమ్మకం ఆమెది. నిరుడు నాన్న పోయాడు.

ఆ తర్వాతే మా ఊరి చేపలవాళ్లు పెద్ద సంఘం నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. ఇక చూడాలి వాళ్ల హడావుడి! అధ్యక్షుడు మా పెదనాన్న బక్కయ్య. నియమాలు రాయడానికి రిటైరైన సోషల్ సార్ ఫణిభూషణ్‌ను పట్టుకొచ్చారు. ఆయన రాజ్యాంగ సభ దగ్గర మొదలుపెట్టి, ముసాయిదా కమిటీ దాకా పాఠం చెప్పి, "మన సంఘం కూడా కొత్త దేశం లాంటిదే" అన్నాడు. అంతే, మావాళ్లకు రెక్కలొచ్చాయి. నెలల తరబడి చర్చలే చర్చలు. టీలు మోసింది ఆడవాళ్లు. కూర్చుని ఓ మాట చెప్పమని మాత్రం ఒక్కరినీ అడగలేదు.

అందులో ఒక నియమం ఉంది. సభ్యుడు చనిపోతే సభ్యత్వం కొడుక్కి వస్తుంది, కొడుకు లేకపోతే రద్దవుతుంది. అమ్మకు నేనొక్కదాన్నే, దూలపల్లిలో ప్యాకింగ్ పనికి పోయే ఆడపిల్లను. సభ్యత్వం పోతే పట్టిన చేపల్లో మా పాలు పోతుంది. ఇక ఆమె ఏం అమ్మాలి?

అమ్మ సార్‌నే అడిగింది.

"సారూ, దేశానికి రాసినోళ్లు మొదటి సంది ఆడోళ్లకు గూడ ఓటిచ్చిన్రని నువ్వే జెప్తివి. మరి గీ చెరువుకేమొచ్చింది?"

"అది మీ కట్టుబాటమ్మా. నేను రాసిపెట్టేవాణ్నే" అని ఆయన తప్పించుకున్నాడు.

దేశం రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజని చెప్పి నవంబర్ ఇరవై ఆరున సభ పెట్టారు. అదే రోజు ప్లాట్లు అమ్మే ప్రతాప్ పటేల్ కొత్త వెంచర్ మొదలుపెడుతూ మటన్ దావత్ ఇచ్చాడు. మగవాళ్లు ఎటు పోతారో వేరే చెప్పాలా? ఇంటికొకరు రాకపోతే సభ చెల్లదు గనుక పెళ్లాలను పంపారు. "బక్కన్న చదివి ఆగినప్పుడల్లా చెయ్యెత్తు, గంతే" అని నేర్పి మరీ పంపారు. మా ఇంటి తరఫున అమ్మ వెళ్లింది, పనికి సెలవు పెట్టి ఆమె వెంట నేనూ వెళ్లాను.

పెదనాన్న చదవడం, వీళ్లు చేతులెత్తడం. కొడుకు నియమం వచ్చింది. దానికీ ఎత్తారు! ఇద్దరు ఆడపిల్లల తల్లి, మా పక్కింటి సత్యమ్మ అందరికంటే ముందు ఎత్తింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు అమ్మ లేచింది.

"బావా, ఇంకోపారి జెప్పు. సార్ రాసినట్టు గాదు, మనం మాట్లాడుకున్నట్టు."

పెదనాన్న విసుక్కున్నాడు. "ఏమున్నది? మొగుడు పోయి, కొడుకు లేకుంటే, గా ఇంటికి చెరువుల పాలు లేదు."

సత్యమ్మ చెయ్యి దించింది. ఆమె వెనక ఒక్కొక్కరే దించారు.

"ఏందిది? చెయ్యెత్తుమని మీ మొగోళ్లు జెప్పలేదా?" అని పెదనాన్న అరిచాడు.

"ఎత్తుమన్నడు, ఎత్తిన. దించొద్దని జెప్పలే" అంది సత్యమ్మ.

పెదనాన్న పక్కనే కలం పట్టుకు కూర్చున్న సార్ ఆ నియమం కొట్టేసి, దాని చోట ఏం రాయాలని అడిగాడు. పోయినవాడి పాలు భార్యకు, ఆమె తర్వాత పిల్లలెవరైనా సరే వాళ్లకు అని రాయమంది అమ్మ. ఈసారి పెదనాన్న చదివి ఆగేదాకా కూడా ఎవరూ ఆగలేదు.

సాయంత్రం మగవాళ్లు పళ్లు కుట్టుకుంటూ తిరిగొచ్చారు. సత్యమ్మ మొగుడు లింగం గుమ్మంలోనే అడిగాడు.

"అన్ని పాసైనయా?"

"అన్ని ఐనయ్. ఇగ నువ్వు పోయినా నేను బతుకుత" అంది సత్యమ్మ.