గిటార్ పెట్టె ఎదురుగా నా చాప

మా మనవరాలు హాల్లో నిలబడి కరెంటు గిటార్ వాయిస్తుంది. దాని స్పీకరు పెట్టె నేల మీద, సరిగ్గా నేను కూర్చునే చాపకు ఎదురుగా ఉండేది. నగర్తపేటలో నలభై ఏళ్లు ఇత్తడి బిందెలు కొట్టిన నా చెవికి కూడా ఆ కీచు రంపంలా దిగేది. ఈ రోజు ఓపిక పోయింది. "ఈడ కూసోని ఇను" అని దాన్ని చాప మీద కూర్చోబెట్టి, నేనే తీగలు మీటాను.

అది చెవులు మూసుకుంది. "నిలబడుకుంటే నాకింత తెలీలేదు తాతా! ఇన్ని దినాలు ఏల చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వాయించేది నిలిపేస్తావని."

అది కీచు తగ్గేలా ట్రెబుల్ తగ్గించి, పెట్టెను స్టూలు మీద పెట్టి, తన చెవి వైపు తిప్పుకుంది. ఇప్పుడు వినడానికి కమ్మగా ఉంది. నా కాఫీ గ్లాసు పెట్టుకునే స్టూలు మాత్రం పోయింది.

నాలాగా నోరు మూసుకుని విన్న తాతలు ఇంకెవరైనా ఉన్నారా?